తిమింగలాలను లెక్కపెట్టేవారికి దానమా?

కిందటి చలికాలంలో ఒక ఆదివారం, భోజనాలు ముగిసిన తరువాత, మా ఊరి తెలుగువారం పదిమందిమి ఒక బల్ల చుట్టూ కూర్చున్నాము. స్వదేశానికి పంపవలసిన విరాళాల పట్టిక ఏటా ఆ రోజుల్లోనే తయారవుతుంది. ఒక ఊరి బడికి పైకప్పు, మరొక ఊరికి మంచినీటి బోరు, తల్లిదండ్రులు లేని కొందరు పిల్లల చదువు. పట్టిక దాదాపు పూర్తయిన సమయంలో మాలో ఒకరి అమ్మాయి వచ్చి నిలబడింది. జీవశాస్త్రంలో పట్టా పుచ్చుకుని అప్పటికి ఆరు నెలలు. రాబోయే వేసవిలో ఇక్కడి సేలిష్ సముద్రంలో ఓర్కా తిమింగలాలను ఫోటోలు తీసి లెక్కపెట్టే బృందంలో తనకు చోటు దొరికిందనీ, అది జీతం లేని పని అనీ, మూడు నెలల బసకూ తిండికీ సహాయం చేయగలరా అనీ అడిగింది. అంతా తెలుగులోనే అడిగింది. మధ్యలో ఒకచోట తడుముకుని, 'పరిశోధన' అన్న మాట దొరికాక ఊపిరి పీల్చుకుంది.

మాలో అందరికన్నా పెద్దాయన సౌమ్యంగానే అన్నారు: "మనుషులకే తాగడానికి నీళ్ళు లేవు తల్లీ. తిమింగలాలకు ఇమ్మంటావా?"

నేను తల ఊపాను. ఆ అమ్మాయి "సరేనండీ" అని వెళ్ళిపోయింది. ఆ రోజు తల ఊపినందుకు నాకు నేను చెప్పుకోవలసిన సంజాయిషీయే ఈ వ్యాసం.

పెద్దాయన ప్రశ్నను తేలికగా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. ఆయన నల్లగొండ జిల్లాలో, ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయినవారి మధ్య పెరిగారు. ఆయన 'నీళ్ళు' అన్నప్పుడు ఆ మాట వెనుక మనుషుల ముఖాలుంటాయి. ఇటువంటి ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు ఒకటుంది: పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ మనం గుమ్మరించే డబ్బు మాటేమిటి, అప్పుడు గుర్తురాని పేదవాడు తిమింగలం పేరెత్తగానే ఎందుకు గుర్తుకొచ్చాడు, అని. ఇది న్యాయవాది జవాబు. ఎదుటివారి నోరు మూయిస్తుంది, అంతే. మనం దుబారా చేస్తున్నామన్నంత మాత్రాన తిమింగలానికి మన సొమ్ము మీద హక్కు పుట్టదు. కనుక ముందుగా ఆ లెక్కపెట్టడం అంటే ఏమిటో చూద్దాము.

ఓర్కా నలుపు తెలుపుల దేహంతో, వీపున నిటారైన రెక్కతో ఉండే జీవి. వాడుకలో తిమింగలమే అయినా శాస్త్రరీత్యా డాల్ఫిన్ల కుటుంబంలో అతి పెద్దది. (అన్నట్టు, 'తిమింగిలం' అన్న సంస్కృత పదానికి 'తిమి' అనే మహామత్స్యాన్ని మింగేది అని అర్థం. పిల్లలకు పాలిచ్చే ఈ జీవిని మన పూర్వులు చేపలను మింగే చేపగా ఊహించుకున్నారు.) 1960లలో ఈ తీరంలో ఓర్కాలు వేలకొద్దీ ఉన్నాయని అందరూ నమ్మేవారు. తమకు దక్కవలసిన చేపలను తినేస్తున్నాయని కొందరు జాలరులు వాటిని తుపాకులతో కాల్చేవారు. ప్రదర్శనశాలలకు అమ్మడానికి మరికొందరు వలలు పన్ని పిల్లలను పట్టుకుపోయేవారు. వేలు ఉన్నచోట పదో ఇరవయ్యో పోతే నష్టమేమిటన్న ధైర్యం.

1970లో కెనడా ప్రభుత్వం ఈ విషయం తేల్చమని మైకేల్ బిగ్ అనే శాస్త్రవేత్తకు పని అప్పగించింది. ఆయనకు అప్పటికి ముప్పై ఏళ్ళు. పెద్ద పరికరాలేవీ లేవు. పడవలవాళ్ళకూ, జాలరులకూ, దీపస్తంభాల కాపలాదారులకూ 15,000 ప్రశ్నాపత్రాలు పంపి, 1971 జులై 26వ తేదీన ఎవరికి ఎన్ని ఓర్కాలు కనబడితే అన్నీ రాయమన్నాడు. బ్రిటిష్ కొలంబియా తీరమంతటా కలిపి మహా ఉంటే 350 అని తేలింది. ఆ తరువాత ఫోటోలు పరిశీలిస్తూ ఆయన, ఆయన సహచరులు మరొక సంగతి గమనించారు. ప్రతి ఓర్కాకూ వీపు రెక్క మీది గాట్లు వేరు, రెక్క వెనుక ఉండే బూడిదరంగు మచ్చ ఆకారం వేరు. అంటే ఒక్కొక్కదాన్నీ విడిగా గుర్తుపట్టవచ్చు. ఈ మాటను మొదట చాలామంది శాస్త్రజ్ఞులు నమ్మలేదు. కొన్నాళ్ళకు ప్రభుత్వం, అడిగిన ప్రశ్నకు సమాధానం వచ్చింది కదా అని ఆయన్ను వేరే పనికి మార్చింది. ఆయన తీరిక వేళల్లో ఫోటోలు తీయడం మానలేదు. 1990లో, ఇంకా చిన్న వయసులోనే కన్నుమూశాడు. సీల్ జంతువులను వేటాడే ఓర్కాలను నేడు ఆయన పేరుతోనే 'బిగ్ ఓర్కాలు' అంటున్నారు.

సరిహద్దుకు ఇవతల, వాషింగ్టన్ రాష్ట్రంలో, కెన్ బాల్కమ్ 1976లో ఒక్క ఏడాది ఒప్పందం మీద ఇదే లెక్క మొదలుపెట్టాడు. ఒప్పందం ముగిసింది, లెక్క ముగియలేదు. శాన్ వాన్ దీవిలో ఉంటూ 2022లో మరణించేదాకా ఆయన ఆ పని వదలలేదు. ఆ చిట్టా పుణ్యమా అని మనకు తెలిసినదేమిటంటే, ఇక్కడి నీళ్ళకు తరతరాలుగా వస్తున్న దక్షిణ గుంపులో 1976లో ఉన్నవి డెబ్బై పైచిలుకు. 1995లో 98. ఇప్పుడు మళ్ళీ 75కు లోపే. ప్రదర్శనశాలల కోసం జరిగిన పట్టివేతల్లోనే ఈ గుంపు నలభైకి పైగా ఓర్కాలను పోగొట్టుకుంది.

2018లో ఒక తల్లి ఓర్కా చనిపోయిన తన బిడ్డను పదిహేడు రోజులు ముక్కు మీద మోస్తూ తిరిగిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రపంచమంతా కంటతడి పెట్టింది. ఆమె జె-35, పేరు తహ్లెక్వా, ఎవరి కూతురు, ఎవరి అక్క అన్న వివరాలు మరునాటికే పత్రికల్లో వచ్చాయి. ఆ వివరాలు ఎక్కడివి? నలభై ఏళ్ళుగా ఎండలో, చలిలో పడవ మీద నిలబడి ఎవరో రాసిపెట్టినవి. మనం దుఃఖానికి చలించాము. చిట్టా లేకపోతే ఆ దుఃఖం ఎవరిదో కూడా తెలిసేది కాదు.

ఇక్కడ కొంచెం ఆగాలని ఉంది. ఆడ ఓర్కాలు దాదాపు నలభై ఏళ్ళకు పిల్లలను కనడం మానేస్తాయి. ఆపైన మరో ఇరవై, ముప్పై ఏళ్ళు, ఒక్కొక్కటి ఇంకా ఎక్కువే బతుకుతాయి. కనే వయసు దాటాక ఇంతకాలం బతికే జంతువులు బహు అరుదు. ఎందుకు బతుకుతున్నాయి? ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు ఈ చిట్టానే ముందు పెట్టుకుని వెదికారు. సాల్మన్ చేపలు కరువైన ఏళ్ళలో గుంపుకు ముందు నడిచేది ఈ ముసలి ఓర్కాలేనని 2015లో చూపారు. అమ్మమ్మ బతికి ఉన్న పిల్లలు కరువులో నిలబడే అవకాశం ఎక్కువని 2019లో తేలింది. అంతకుముందే, 2012లో, మరొక సంగతి వెల్లడైంది. ముప్పై దాటిన మగ ఓర్కాకు తల్లి చనిపోతే, ఆ తరువాతి ఏడాదిలో అదీ చనిపోయే ప్రమాదం పద్నాలుగు రెట్లు పెరుగుతుంది. వీసా మీద ఆరు నెలలకు వచ్చే అమ్మమ్మ, నాయనమ్మ తిరిగి విమానమెక్కగానే ఇల్లు ఎలా అయిపోతుందో ఎరిగిన మన పిల్లలకు ఈ శాస్త్రం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. ఈ గుంపులో చాలాకాలం ముందు నడిచిన జె-2ను అందరూ 'గ్రానీ' అనేవారు. 2016 తరువాత ఆమె మళ్ళీ కనబడలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇది. 1976లో ఆ పడవకు పెట్రోలు పోయించినవారికి అమ్మమ్మల సంగతి తెలియదు. తెలిసే వీలు లేదు. ఎనభై ఏళ్ళు బతికే జీవిని నాలుగేళ్ళ పరిశోధనతో అర్థం చేసుకోలేము. ఏ ఫలానికని ఇచ్చారో ఆ ఫలం కాక, వారు ఊహించని మరొకటి నలభై ఏళ్ళకు మరొకరి చేతికి వచ్చింది.

దానం చేసేటప్పుడు దేశమూ, కాలమూ, పాత్రతా చూడాలని మన పెద్దలు చెప్పారు. పాత్ర అంటే గిన్నె. పోసినదాన్ని ఒలకకుండా నిలుపుకునేవాడు పాత్రుడు. మంచి మాటే. అయితే ఇరవై రెండేళ్ళ పిల్ల పాత్రత ఎలా తెలుస్తుంది? నిధులిచ్చే సంస్థలు ఇదివరకు ఏమి సాధించావని అడుగుతాయి. సాధించాలంటే నిధులు కావాలి. నీళ్ళలోకి దిగకుండా ఈత నేర్చుకుని రమ్మన్నట్టుంటుంది. ఈ చిక్కు ఎరిగినవారు లేకపోలేదు. బ్రిటన్‌లోని రఫర్డ్ ఫౌండేషన్ పేద దేశాలలో వన్యప్రాణి రక్షణ పనిలో తొలి అడుగు వేస్తున్నవారికి చిన్న మొత్తాలిస్తుంది. మన దేశపు యువకులెందరో దాని సాయంతోనే మొదలుపెట్టారు. సముద్ర క్షీరదాల శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం కూడా విద్యార్థులకు అటువంటివే ఇస్తుంది. అవి కొద్దిమందికే అందుతాయి. తక్కినవారు జీతం లేకుండా పనిచేస్తారు. జీతం లేకుండా మూడు నెలలు ఎవరు పనిచేయగలరు? తల్లిదండ్రులకు స్తోమత ఉన్నవారు. అప్పుడు మనకు తెలియకుండానే పాత్రతకు కొలత మారిపోతుంది. ప్రశ్న అడిగే తెలివి పక్కకు పోయి, నాన్నగారి బ్యాంకు ఖాతా కొలత అవుతుంది. ఫలం వస్తుందో రాదో అన్న అనిశ్చితి ఎవరో ఒకరు మోయక తప్పదు. పదిమంది ఉద్యోగస్థులం బల్ల చుట్టూ కూర్చుని, దాన్ని అందరికన్నా చిన్నదాని భుజాన పెట్టి పంపించాము. ఆ రోజు మేము చేసిన పని, ఎంత మృదువుగా చేసినా, అదే.

పెద్దాయన ప్రశ్నకన్నా గట్టి ప్రశ్న మరొకటి ఉంది. దాన్ని దాటవేయడం నిజాయితీ అనిపించుకోదు. లెక్కపెట్టినంత మాత్రాన ఏ జీవి బతికింది? చైనాలోని యాంగ్జీ నదిలో బైజీ అనే డాల్ఫిన్ ఉండేది. 1997లో వెదికితే 13 కనబడ్డాయి. 2006లో ఆరు వారాలు నదినంతా గాలించారు. ఒక్కటీ లేదు. దాని గురించి సభలు జరిగాయి, వ్యాసాలు వచ్చాయి, పథకాలు రాశారు. మెక్సికో తీరంలో వకీటా అనే మరీ చిన్న జీవి ఉంది. 1958లో గాని శాస్త్రానికి దాని సంగతే తెలియదు. 1997లో సుమారు 567 ఉన్నాయన్నారు. ఇప్పుడు పది దరిదాపుల్లో మిగిలాయి. ఎందుకు చస్తున్నాయో అందరికీ తెలుసు. టొటోవాబా అనే చేప పొట్టలోని గాలితిత్తికి చైనాలో ధర ఎక్కువ. ఆ చేపకు పన్నిన వలల్లో ఇవి చిక్కి ఊపిరాడక పోతున్నాయి. వకీటాకు ఇక కావలసింది పరిశోధకుడు కాదు, వల తీయించగల అధికారి. తెలిసిన కర్తవ్యాన్ని వాయిదా వేయడానికి "ఇంకా పరిశోధన జరగాలి" అన్న మాట ఎంత వాటంగా పనికొస్తుందో ప్రభుత్వాలకు బాగా తెలుసు. కనుక పరిశోధనకు ఇచ్చే ప్రతి రూపాయీ పుణ్యమేనని నేను అనలేను. లెక్క తెలిసినచోట వలలు తీయించడానికి ఇవ్వాలి. లెక్క తెలియనిచోట లెక్కకు ఇవ్వాలి. ఏది ఎక్కడో తేల్చుకోవడానికైనా మొదట ఆ సముద్రం మీద ఒక మనిషి ఉండాలి.

మళ్ళీ నీళ్ళ ప్రశ్నకు వస్తాను. కొన్నాళ్ళు ఆలోచించాక నాకు తోచినది, అసలు 'దానం' అన్న మాట దగ్గరే మేము పొరబడ్డామని.

దక్షిణ గుంపు ఓర్కాలు ముఖ్యంగా తినేది చినూక్ జాతి సాల్మన్. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు టక్కర్ అనే నల్ల కుక్కను పడవ ముక్కున నిలబెట్టి, ఓర్కాల మలం ఎటు తేలుతున్నదో వాసన పట్టించేవారు. (ఈ కుక్కకు ఈత అంటే గిట్టదట. పిల్లలు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుతారని తెలుసు.) ఆ మలంలోని హార్మోన్లు పరీక్షించి, 2008 నుండి 2014 వరకు గుర్తించిన గర్భాలలో 69 శాతం నిలవలేదనీ, చేపల కరువు అందుకు పెద్ద కారణమనీ 2017లో ప్రకటించారు. ఈ పనిలో పాలుపంచుకున్నవారిలో అప్పటి విద్యార్థులున్నారు. చేపలు ఎందుకు కరువయ్యాయి? కారణాలు అనేకం. అతిగా పట్టడం, వాగులు చెడిపోవడం, నగరాలు పెరగడం, నదులకు అడ్డుగా ఆనకట్టలు కట్టడం. కొలంబియా నది మీది ఆనకట్టల నుండి చవకగా విద్యుత్తు వస్తుంది. ఆ చవక కరెంటు కోసమే తూర్పు వాషింగ్టన్‌లోని క్విన్సీ చుట్టుపక్కల మహా కంప్యూటర్ కేంద్రాలు వెలిశాయి. మా బల్ల చుట్టూ కూర్చున్న పదిమందిలో ఏడుగురి జీతాలు ఏదో ఒక విధంగా అటువంటి కేంద్రాలలో నడిచే ప్రోగ్రాముల వల్ల వచ్చేవే. నల్లగొండకు పోయే బోరు డబ్బు కూడా ఆ జీతాల్లోనిదే.

అంటే మనం ఓర్కాలకు దాతలం కాము, బాకీదారులం. దానానికైతే ముందు వెనుకలు చూడవచ్చు, మనిషి ముందు, జంతువు తరువాత అనవచ్చు. బాకీకి ఆ వరుస లేదు. ఊళ్ళో పేదలున్నారని కిరాణా కొట్టు అప్పు ఎగవేసినవాణ్ణి మనం దయాళువు అనము. మరి బాకీ ఎంతో ఎవరు చెప్పాలి? మన ఊళ్ళలో పూర్వం కరణం ఉండేవాడు. ఏ పొలం ఎవరిది, శిస్తు ఎంత, ఎవరు ఎంత బాకీ అన్నది ఆయన దస్త్రాల్లో ఉండేది. కరణాల మీద మన సాహిత్యంలో ఉన్నన్ని చమత్కారాలు మరెవరి మీదా లేవేమో గాని, కరణం లేని ఊరికి లెక్క లేదు. పడవ మీద కెమెరాతో నిలబడిన ఆ అమ్మాయి ఈ సముద్రానికి కరణం. చిట్టా ఉంది కాబట్టే 2005లో ఈ గుంపును అంతరించే ప్రమాదమున్నదిగా అమెరికా ప్రభుత్వం ప్రకటించగలిగింది. 2025 నుండి వాషింగ్టన్ జలాల్లో పడవలు వీటికి వెయ్యి గజాల దూరంలో ఉండాలన్న చట్టం అమలులోకి వచ్చింది.

మన సొంత తీరం మాటేమిటి అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. 1852లో విశాఖపట్నం రేవులో ఒక డాల్ఫిన్ దొరికింది. గుండ్రని తల, పొట్టి మూతి. అప్పట్లో ఉత్తర సర్కారులకు కమిషనరుగా ఉన్న వాల్టర్ ఇలియట్ దాన్ని భద్రపరిచాడు. అమరావతి శిల్పాలను 1845లో తవ్వించినవాడూ, తెలుగు జిల్లాల మొక్కల పేర్లతో 'ఫ్లోరా ఆంధ్రికా' కూర్చినవాడూ ఈయనే. శిల్పాల మాదిరిగానే డాల్ఫిన్ వివరాలూ లండన్ చేరాయి. ప్రాణంతో దాన్ని చూడని రిచర్డ్ ఓవెన్ అక్కడ కూర్చుని 1866లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. అదే తీరంలో దొరికిన ఒక పొట్టి తిమింగలానికీ అప్పుడే పేరు పెట్టాడు. తరువాతి కాలంలో ఆ డాల్ఫిన్ బర్మాలోని ఐరావతి నది పేరుతో లోకప్రసిద్ధమైంది. అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయని బాధపడే తెలుగువారిని నేను ఎందరినో ఎరుగుదును. ఈ డాల్ఫిన్ ప్రపంచానికి మొదట తెలిసింది విశాఖ నుండి అని తెలిసినవారు తక్కువ. మన సరిహద్దు దాటగానే, ఒడిశాలోని చిలికా సరస్సులో నూట యాభై దరిదాపుల్లో ఆ జాతి నేటికీ బతుకుతోంది. మన తీరానికి ఏ తిమింగలమో కొట్టుకొస్తే పత్రికల్లో ఫోటో పడుతుంది, చుట్టూ జనం నిలబడి సెల్ఫోన్లలో బంధిస్తారు, మర్నాడు ఇసుకలో పాతిపెడతారు. ఒక్కొక్క జీవినీ పేరుతో గుర్తుపట్టి యాభై ఏళ్ళు రాసిన చిట్టా మన తీరానికి లేదు. అటువంటిది మొదలుకావాలంటే శ్రీకాకుళంలోనో కాకినాడలోనో, జాలరుల మాట అర్థమయ్యే ఒక యువకుడో యువతో నాలుగేళ్ళు పడవ ఎక్కాలి. ఆ పడవకు ఎవరిస్తారు?

వసంతం వచ్చాక నేను ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. క్షమించమని అడగాలనుకుని, చివరికి వేసవి ఏర్పాట్లు ఎలా ఉన్నాయని మాత్రమే అడిగాను. ఒక ప్రయోగశాలలో చిన్న ఉద్యోగం దొరికిందనీ, శని ఆదివారాలు దీవికి వెళ్ళి పనిచేస్తున్నాననీ చెప్పింది. పడవకు ఇంకెవరో ఇచ్చారట. "పడవకు ఇస్తారండీ, ఫోటో దిగొచ్చు కదా," అని నవ్వింది. కావలసినది వేరే ఉంది. పాత ఫిల్ములు పెట్టెల నిండా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా కంప్యూటరులోకి ఎక్కించి, ఏ రెక్క ఎవరిదో సరిచూసి, రెండు మూడు చోట్ల భద్రపరచాలి. దానికి మాత్రం ఎవరూ ఇవ్వరు. చెరువు తవ్వించినవాడికి శాసనం వేస్తారు, ఏటేటా పూడిక తీసినవాడి పేరు ఏ రాతి మీదా ఉండదు. ఆ మాట ఆమెతో అనబోయి, పూడిక అంటే ఏమిటో వివరించవలసి వస్తుందని ఊరుకున్నాను. ఈసారి కలిసినప్పుడు చెప్పాలి.

తరువాతి సమావేశంలో ఈ సంగతి బల్ల మీద పెట్టాను. నలుగురు ఇస్తామన్నారు. ఇద్దరు ఇవ్వమన్నారు, వారి కారణాలూ సబబైనవే. పెద్దాయన తన వంతు బోరుకే రాయించారు. "బాకీ సంగతి నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. నేను మాత్రం ముందు ఆ ఊరికి బాకీ," అన్నారు. నా దగ్గర దానికి జవాబు లేదు. ఆయన కోటు తొడుక్కుని తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి అడిగారు: "ఆ ముందు నడిచే ముసలావిడ, ఏమిటన్నావు పేరు? మా మనవరాలికి చెప్పాలి."